ఎనిమిదడుగుల గది, పదిహేనంగుళాల స్పీకర్

"తవిటయ్యా, ఈ రోజు నువ్వు మైక్‌సెట్ మెకానిక్‌వి," అన్నాడు నిఘా విభాగం చీఫ్ గురునాథరావు. "నేవల్ బేస్‌లో దొంగచాటుగా రికార్డ్ చేసిన టేప్ వన్ టౌన్‌లో ఉంది. రేపు మన సబ్‌మెరీన్ బయల్దేరే టైమ్, వెళ్లే రూట్ అందులో ఉన్నాయి. ఐదింటికి ఓడెక్కే విదేశీ ఏజెంట్ ఆలోగా అది వినాలి. వాళ్ల స్పీకర్ సరిగా పలకడం లేదట. మెకానిక్‌ని వెతుకుతున్నారు."

"ఇల్లెక్కడ సార్?"

"తెలిస్తే నువ్వెందుకు? మన జీప్ నీ వెనకే ఉంటుంది."

ఉండలేదు. ముఠావాళ్లు కళ్లకు గంతలు కట్టి నాలుగు సందులు తిప్పేసరికి జీప్ చప్పుడు వెనకబడిపోయింది.

గంతలు విప్పేసరికి మేడమీద గది. ఎటు చూసినా ఎనిమిదడుగులు. నున్నటి సున్నపు గోడలు, సిమెంట్ నేల, కిటికీ లేదు. వెనక తలుపు గడియ పడింది. గదిలో గేదె పడుకున్నట్టు సినిమాహాలు స్పీకర్ పెట్టె.

"పదిహేనంగుళాలు," అన్నాడు ముఠా నాయకుడు అర్జునరావు. "ఇంత పెద్దది తెచ్చినా కుండలో తలెట్టి మాటాడినట్టుంటంది. గంటలో గెస్టొస్తాడు. మాట తేటగా రావాల. రాలేదో, నువ్వు బయటికి రావు."

ఒకప్పుడు పద్మనాభం ఊళ్లో పెళ్లిపందిళ్లకు మైకులు కట్టిన తవిటయ్యకు జబ్బు వెంటనే తెలిసింది. పందిరికి చాలే స్పీకర్ని గదిలో పెడితే బరువు శబ్దం గోడల మధ్య పొర్లి మాటను మింగేస్తుంది. మందు అతని సంచిలోనే ఉంది. ఆరంగుళాల స్పీకర్. అది బిగిస్తే సబ్‌మెరీన్‌లో వాళ్లు పోతారు. బిగించకపోతే తను పోతాడు.

సంచి తనిఖీ చేస్తున్న ముఠా మనిషి గౌరీశ్వరి చేయి ఆగింది. నైలాన్ చీర, నల్ల కళ్లద్దాలు, నడుము దగ్గర పిస్టల్. "ఈ చిన్నది పెడితే సరిపోదా?"

తవిటయ్య ఆమె వైపు చూడకుండా అర్జునరావుతో అన్నాడు. "ఎందుకు సరిపోదు బాబూ? టీకొట్టు రేడియోకెట్టీదే. తమరి గెస్టుకి ఆ డబ్బా సూపిత్తానంటే నాకేటి?"

"ఓడ దిగొచ్చినోడికి కొబ్బరిచిప్పలో వినిపిత్తానా? పెద్దదే ఉండాల."

తవిటయ్య పెట్టెను ఒక మూలకు నెట్టాడు. గదిలో ఉన్న ఒక్క సోఫాను ఎదురు మూలకు జరిపాడు. గది నడిమధ్య స్టూల్ వేసి అర్జునరావుని కూర్చోబెట్టాడు. బరువు శబ్దమంతా మూలల్లో చేరుతుంది, మధ్యలో పలచబడుతుంది. టేప్ మొదటి మాటలు తేటగానే వచ్చాయి.

"బేషుగ్గా ఉందిరా!"

గెస్ట్ వచ్చాడు. తెల్ల సూటు, ఎర్ర జుట్టు. మర్యాద తెలిసిన అర్జునరావు పెద్దమనిషిని స్టూల్ మీద కూర్చోబెడతాడా? సోఫా చూపించాడు. టేప్ తిరిగింది.

"ఏం వినిపించడం లేదు. హమ్, హమ్, అంతే," అన్నాడు గెస్ట్.

"ఇంత తేటగా ఉంటే?" అన్నాడు స్టూల్ మీద అర్జునరావు.

అతని పక్కనే నిలబడ్డ గౌరీశ్వరి ప్రతి మాటా వింటోంది. 'మధ్యలోకి రండి' అని ఆమె ఒక్క మాటంటే చాలు. నల్ల కళ్లద్దాలు తవిటయ్య వైపు తిరిగాయి.

"వాల్యూమ్ పెంచండి," అందామె.

అర్జునరావు పూర్తిగా తిప్పాడు. గోడల సున్నం రాలింది. నేల వణికింది. గెస్ట్ విసుగ్గా లేచి పెట్టె వైపు అడుగేశాడు. ఇంకో అడుగేస్తే గది మధ్యకొస్తాడు.

"రేపు ఉదయం..." అంది టేప్.

తలుపు దబదబ మోగింది. కాపలావాడు గడియ తీశాడో లేదో, అతన్ని తోసుకుంటూ పక్కింటి జైతూన్ బీ. వెనక సందు సందంతా. "క్యా తమాషా హై? నా గిన్నెలు అల్మారా దిగి నడుస్తున్నాయి!"

గుంపును తోసుకుంటూ గురునాథరావు వచ్చి ప్లగ్ పీకేశాడు. సందులన్నీ గాలిస్తున్న జీప్‌కి దారి చూపింది జనం గోలే.

గౌరీశ్వరి పిస్టల్‌ను అర్జునరావు మెడకు ఆనించింది. "ఢిల్లీ బ్రాంచ్, సార్. ఆర్నెల్లుగా వీళ్లలో ఉన్నాను."

"మరి నా సంచిలోది బయటికెందుకు తీసేవమ్మా?" అన్నాడు తవిటయ్య.

"తీయకపోతే వాడే తీసేవాడు. నువ్వేం చెబుతావో చూద్దామనుకున్నాను."

బేడీలు పడుతున్నాయి. జైతూన్ బీ గురునాథరావు చొక్కా పట్టుకుంది. "దొంగల్ని తర్వాత తీసుకుపో నాయనా. ముందు ఆ పెట్టె దించు."