పదిహేడో రకం

"ఆ విత్తనాల డాక్టరమ్మ వాలకం నాకు నచ్చలేదు నైమా. ట్రయల్ మళ్ళలో తిరిగే మనిషికి బూట్లు అంత తెల్లగా ఎలా ఉంటాయే?"

లుషోటో కొండల్లో, కూరగాయల ప్రయోగ క్షేత్రం గేటు బయట ఉగాలీ సంకటి వడ్డిస్తూ రుకియా అమ్మ అంది. లోకానికి ఆమె పూటకూళ్ళమ్మ. రహస్య శాఖలో నైమాకి చీఫ్.

"డాక్టర్ సెలీనా మన ఏజెంటేగా అమ్మా?"

"అనుకుంటున్నాం. అదే నా దిగులు. విను. వడలు తెగులుకి టమాటా రకాలన్నీ చచ్చాయి. పదిహేడో రకమే నిలబడింది. ఉన్నది ఒక్క సంచి విత్తనం. అది విదేశీ ముఠా చేతికి పోతే వచ్చే ఏడు ఈ కొండమీద రైతుకి నారు లేదు. సంచి భద్రంగా ఉందో లేదో చూసి రా. ముందు తిను, నీరసపడతావు."

నైమా కూలిమనిషి వేషంలో, తలగుడ్డ పిన్నులో కెమెరాతో లోపలికి వెళ్ళింది. సెలీనా నవ్వుతూ ఎదురొచ్చి, సంచిని కళ్ళారా చూసుకొమ్మని కాపలాదారు సెఫు తాత చేత విత్తనాల కోల్డ్ రూమ్ తెరిపించింది.

సంచి ఉండాల్సిన అర ఖాళీగా ఉంది. నైమా తిరిగి చూసేలోపు ఇనుప తలుపు మూసుకుంది.

"నువ్వు ఎవరి మనిషివి?" నైమా అరిచింది.

"రెండు వైపులా మనిషినే. ముఠా ఇచ్చే జీతం బాగుంది." తలుపు సందులోంచి గుసగుసగా అన్న సెలీనా ఆ తర్వాత గొంతు పెంచింది. "తాతా, లోపలున్నది విత్తనాల దొంగ. ఏం చెప్పినా పలకకు. పోలీసుల్ని తీసుకొస్తాను."

అడుగులు దూరమయ్యాయి. ఇనుప గోడల మధ్య ట్రాన్స్‌మీటర్ మూగబోయింది. చలికి వేళ్ళు కొయ్యబారుతున్నాయి. ఈ తలుపు తాళంచెవి, గేటు తాళంచెవి రెండూ తాత మొలకే వేలాడతాయి.

"తాతా, సంచి ఆవిడ కారులో ఉంది. వెళ్ళి చూడు."

పలుకు లేదు.

"ఇక్కడే గడ్డకట్టి చస్తాను తాతా."

పలుకు లేదు. గేటు దగ్గర సెలీనా కారు హారన్ మోగింది. తాత లేచిన చప్పుడు. ఆయన వెళ్ళి గేటు తీస్తే అంతా అయిపోయినట్టే.

చూసేవాళ్ళు లేకపోయినా నైమా మోకాళ్ళు వంచింది.

"షికమూ, తాతా."

పెద్దల కాళ్ళకు దణ్ణం పెట్టడమే ఆ మాట. విన్నాక 'మరహబా' అని దీవించకుండా కదిలిన ముసలివాళ్ళు ఈ కొండల్లో లేరు. హారన్ మళ్ళీ మోగింది. తలుపు అవతల తాత ఊపిరి వినబడుతోంది, అడుగు గేటువైపు పడటం లేదు. హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది.

ఎంతసేపటికో తాళంచెవి తిరిగింది.

"మరహబా, బిడ్డా," అన్నాడు సెఫు తాత. "పోలీసులకి నేనే కబురు చేస్తా, దొంగ ఎవరో వాళ్ళొచ్చి తేలుస్తారు. అందాకా గేటు తియ్యను. ఆ హారన్ కొట్టే మహాతల్లి రోజూ నా ముందునుంచే పోతుంది, ఒక్కనాడూ నాకు షికమూ చెప్పలేదు."