మూడో మైకు విన్న మాట

"ఇంకోసారి వాయించాలి. నాయిస్ ఉంది" అన్నాడు ఇంజనీర్, హెడ్‌ఫోన్స్ తీస్తూ.

డోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. "ఏం నాయిస్ సార్?"

"ఏదో... బరబరమని."

"పొద్దుట్నుంచి ఇది తొమ్మిదోసారి. మొదట ఫ్యానన్నారు, ఆపేశాం. తర్వాత ఫ్రిజ్ అన్నారు, పాపం మీ అమ్మగారు దాన్నీ ఆపేశారు. ఇప్పుడేం ఆపమంటారు, నా ఊపిరా?"

ఇంజనీర్ అంటే వంతెనలు కట్టేవాడు కాదు. పడగ్గదిలోంచి మంచం బయటికి గెంటి, గోడలకు దుప్పట్లు వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్న సౌండ్ ఇంజనీర్. పక్కవీధిలో చీమ చిటుక్కుమన్నా తనకు వినపడుతుందని గొప్పలు పోయే రకం.

నిజానికి నాయిసూ లేదు, గీయిసూ లేదు. ఆమె ఆల్బమ్‌లో ఇదే ఆఖరి ట్రాక్. ఇది అయిపోతే ఆమె డోలక్ సర్దుకుని వెళ్లిపోతుంది, మళ్లీ రావడానికి సాకు ఉండదు. డోలక్‌కి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, గది మోత కోసం ఆమె తల ఎత్తున ఇంకొకటి, ఇలా మూడు మైకులు ముచ్చటగా అమర్చిన మనిషికి ఆరు వారాలుగా ఒక్క ప్రశ్న అడగడం మాత్రం చేతకాలేదు.

అతని తల్లి తలుపు తీసి తొంగిచూసింది. "ఏరా, నాకు వంటింట్లోకే శుభ్రంగా వినపడుతోందిగా. ఫ్రిజ్ వేసుకోనా, పాలు విరగ్గొట్టుకోనా?"

"వేసుకోమ్మా."

"ఆ నాయిస్ ఏదో నాకూ వినిపించండి సార్" అంటూ ఆ అమ్మాయి లేచివచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

అడ్డంగా దొరికిపోయాడు. కుడి మైకు వినిపించాడు. ఒక్క మచ్చ లేదు. ఎడమదీ అంతే. దిక్కుతోచక మూడోదాని వాల్యూమ్ పెంచాడు.

"అది వద్దు" అని ఆమె చెయ్యి చాపేలోపే డోలక్ మోత వెనకనుంచి సన్నగా ఆమె గొంతు వినపడింది. నోట్లో గొణుక్కుంటూ తాళం లెక్క పెట్టుకుని వాయించడం ఆమెకు అలవాటు.

"తకధిమి తకఝణు, తకధిమి తకఝణు..." ఆ వెంటనే, అదే నడకలో, "మొద్దురాచిప్ప, మొద్దురాచిప్ప, ఇంకా అడగవు, ఎప్పుడు అడుగుతావు..."

తొమ్మిది టేకుల్లోనూ అదే ఉంది. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ మూడోదాని వాల్యూమ్ తగ్గించేసి, అయ్యగారు ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నారు. లేని నాయిస్ కోసం వెనక్కి తిప్పి వినాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "అది తాళం" అంది బింకంగా.

"నేనెప్పుడూ వినలేదే."

"మీ కోసమే కట్టాను. మీకు తప్ప అందరికీ వినపడేలా ఉంది."

అతనికి నవ్వు రాలేదు. భయం వేసింది. సంతోషం కూడా వేసింది.

"నాయిస్ లేదు" అన్నాడు. "నువ్వు వెళ్లిపోతావేమోనని అబద్ధం చెప్పాను. రేపట్నుంచి నువ్వు రావంటే నాకీ గదిలో కాలు పెట్టబుద్ధి కాదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఈసారి ఆమె 'మీరు' అనడం మానేసింది.

"చేసుకుంటాను. ఆ ట్రాక్ మాత్రం తుడిచెయ్యకు, మా అమ్మకి వినిపించాలి. వచ్చిన సంబంధాలన్నీ ఎందుకు కాదంటున్నావని రోజూ అడుగుతోంది. ఇన్నాళ్లూ నువ్వు అడక్కుండా నేను ఆవిడకి ఏమని చెప్పేదాన్ని?"