శ్రీకి నాలుగు ప్రశ్నలు

“తోడు అని పేరు పెట్టిన్రు. పిలిస్తే పలకదు, లేపితే లేవదు. ఒక్క చుక్క ఇస్తున్న. అది గూడ ఎక్కువే.”

సోమవారం పొద్దున నాచారం ఆఫీసులో, నాగేందర్ అనే పేరుతో వచ్చిన ఈ నాలుగు ముక్కల రివ్యూ చదివేసరికి, మనస్విని చేతిలో కాఫీ చల్లారింది గానీ మనస్విని మాత్రం మరిగింది.

చుక్కలు చూపించడమంటే ఇదేనన్నమాట! అదీ ఐదింట్లో ఒకే ఒక్క చుక్కతో!

తోడు ఆమె చేతి పని. కోడ్ రాసుకునే ఎడిటర్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. నేర్చుకునే పిల్లలు ఎక్కడ తప్పు రాశారో, ఎందుకు తప్పో, ఇంట్లో అక్క పక్కన కూర్చుని చెప్పినట్టు తెలుగులో చెబుతుంది. అసలు చెప్పేది ఓ బుల్లి సర్వర్. అది ఆ కంప్యూటర్‌లోనే తెర వెనక పడుకుని ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ దాన్ని లేపాలి, అది లేచి పాఠం చెప్పాలి. రెండేళ్లపాటు ఆదివారాలు కూడా కూర్చుని, గోరువెచ్చని పాలలో పెరుగుచుక్క వేసినంత జాగ్రత్తగా పెట్టిన తోడు. అది తోడుకోలేదంటాడా ఈ మహానుభావుడు?

“ఎవరు సార్ ఈ నాగేందర్?” అని అరిచింది.

“ఉప్పల్‌లో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. మన మొదటి గిరాకీ,” అన్నాడు బాసు గంగాధరరావు. “శుక్రవారం అక్కడ కొత్త బ్యాచ్. ఆ ఇరవై కంప్యూటర్ల మీద అప్పటికి తోడు లేవకపోతే దాన్ని మూసేద్దాం. నువ్వు మళ్లీ ఫారాలు తయారుచేసే పనిలోకి వెళ్దువుగాని.”

“నా కంప్యూటర్ మీద చక్కగా లేస్తోంది సార్!”

“నీ కంప్యూటర్ మీద ఇరవై మంది కూర్చోలేరు కదమ్మా.”

మనస్విని ఫోన్ తీసింది.

“హలో, నాగేందర్ గారేనా? నేను తోడు రాసిన మనిషిని.”

“ఓహో! మీరన్న పలికిన్రు. మస్తు సంతోషం.”

“మీరు సరిగ్గా ఇన్‌స్టాల్ చేసి ఉండరు.”

“ఇరవై సార్లు జేసిన మేడం. ఇరవై సార్లు తప్పు జేసేంత తెలివి నాకు లేదు.”

“ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేశారా?”



“నేను కంప్యూటర్లు జెప్పే సార్‌ను మేడం,” అన్నాడతను, ప్రతి అక్షరాన్నీ పళ్ల కింద నలుపుతూ. “నన్ను గట్ల అడుగుతరా?”

“రేపు వస్తున్నాను. తప్పు ఎవరిదో నా కళ్లతో చూస్తాను!”

“రాండ్రి. నా కళ్లు గూడ ఇక్కడనే ఉంటయి.”

మర్నాడు ఉప్పల్ మెట్రో దిగేసరికి వాన. నాలుగు అడుగులకోసారి ఒక గుంత, ప్రతి గుంతలో ఒక చెరువు. సెంటర్ మెట్లెక్కేసరికి మనస్వినిలో పొడిగా మిగిలింది ల్యాప్‌టాప్ బ్యాగూ, కోపమూ.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి పొడుగ్గా, నున్నగా గీసిన చెంపలతో, చేతిలో పసుపు గుడ్డతో ఉన్నాడు.

“జర తుడుసుకోండ్రి.”

తుడుచుకుంది. తుడుచుకున్నాక అడిగింది, “ఇది దేనికి వాడే గుడ్డ?”

“మానిటర్లు తుడుస్తం.”

అతను నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నాడని మాత్రం ఆ చెంపలు చెప్పేశాయి. ఆమె గుడ్డ అతని చేతిలోకి విసిరి కుర్చీ లాక్కుంది.

ఎడిటర్ తెరిచింది. తోడుని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

“చూసిన్రా?”

“ఆగండి!”

సర్వర్ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, స్వయంగా నొక్కి నడిపింది. బుద్ధిమంతురాలిలా లేచి కూర్చుంది.

“ఇదిగో, లేచింది! సర్వర్ బాగానే ఉంది!”

“మీరు లేపితె లేస్తది. మీ ఎక్స్‌టెన్షన్ లేపితె లేస్తలేదు. మరి తప్పు లేసేటోనిదా, లేపేటోనిదా?”

కోపంలో కూడా మనస్వినికి ఆ ప్రశ్న నచ్చింది. సరైన ప్రశ్న అడిగిన మనిషి మీద మరింత కోపం వచ్చింది.

ఎక్స్‌టెన్షన్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తెరిచింది. సర్వర్ కోసం అది ఎక్కడెక్కడ వెతికిందో వరసగా ఉంది. డి డ్రైవ్ అని ఉంది. దాని తర్వాత ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట నాలుగు ప్రశ్నార్థకాలు. ఆ తర్వాత ఒకటే మాట: దారి దొరకలేదు.

“ఈ ఫోల్డర్ పేరేంటి?”

“శ్రీ.”

“శ్రీ... తర్వాత?”

“తర్వాత ఏం లేదు. తెలుగుల శ్రీ. సెంటర్ తెరిచిన నాడు మా అమ్మ ప్రతి కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, ‘ఏం మొదలువెట్టినా పైన శ్రీ రాయాలె, రాసినవా’ అనడిగింది. రాసిన. ఎడిటరు, పాఠాలు, మీ తోడు, అన్నీ దాంట్లనే ఉన్నయి.”

మనస్విని ఒక్క ఊపున కుర్చీలోంచి లేచింది.

“అదీ సంగతి! కంప్యూటర్ లెక్కలో శ్రీ అంటే శ, వత్తు గుర్తు, ర, దీర్ఘం. నాలుగు ముక్కలు, నాలుగు ప్రశ్నలు! ఇంగ్లీషులో పేరు మార్చేయండి. రెండు నిమిషాల పని.”

“మార్చ.”

“ఏమిటీ?”

“మార్చ అంటున్న! ఇంటికొచ్చినోళ్లకు పలకొస్తలేదని ఇంటోళ్లు పేరు మార్చుకుంటరా?” ఈసారి లేచింది అతను. “తెలుగుల పాఠం జెప్తనని బోర్డు పెట్టుకున్న సర్వరు. దానికి తెలుగుల ఒక్క అక్షరం జూస్తే నాలుగు అనుమానాలా? అన్నోజిగూడ నుంచి, నాగారం నుంచి పిల్లలొస్తరు నా దగ్గరికి. వాళ్ల పేర్లతోటి వాళ్లు ఫోల్డర్లు పెట్టుకుంటరు. అందరినీ మార్చుకోమంటరా?”

మనస్విని నోరు తెరిచింది. తిట్టు రెడీగానే ఉంది. కానీ ఆ తిట్టు అతని దాకా వెళ్లకుండా దారిలోనే వెనక్కి తిరిగింది.

రెండేళ్లు! రెండేళ్లలో తను పెట్టిన ప్రతి ఫోల్డర్ పేరూ టెస్ట్, టెస్ట్ వన్, టెస్ట్ న్యూ. తెలుగు కోసం తోడు రాసిన మనిషి, దాన్ని ఒక్కసారి కూడా తెలుగు పేరున్న గుమ్మం ముందు నిలబెట్టి చూడలేదు.

“సిగ్గులేదూ!” అంది గట్టిగా.

“నాకా?” అన్నాడు నాగేందర్ బిత్తరపోయి.

“నాకండీ, నాకు!”

కూర్చుంది. సర్వర్‌ని లేపడానికి మొదట్లో బద్ధకించి రాసిన ఓ పాతకాలపు బ్యాచ్ ఫైల్ మధ్యలో ఉంది. దానికి తెలుగు అక్షరాలు అప్పగిస్తే ప్రశ్నార్థకాలు చేసి ఊరుకుంటోంది. కొత్త బ్యాచ్‌కి అడ్డుపడింది పాత బ్యాచ్ ఫైలన్నమాట! దాన్ని పీకేసి, ఎక్స్‌టెన్షన్ నేరుగా సర్వర్‌నే పిలిచేలా రాసింది. మధ్యవర్తి లేకుండా.

ఈలోగా నాగేందర్ అమ్మ కిష్టమ్మ వచ్చింది, కొంగు కింద వేడి మక్కకంకులు దాచుకుని.

“ఏం లొల్లిరా ఇది? కింద దాంక ఇనొస్తున్నది. తిను బిడ్డా, తిని కొట్లాడు.”

ఒక చేత్తో కంకి, ఒక చేత్తో కీబోర్డు. మనస్విని తోడుని పిలిచింది.

తెర కింద పచ్చటి చుక్క వెలిగింది: “నమస్తే. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.”

“పలికింది!” అని నాగేందర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. “ఒకటైంది. ఇంక పందొమ్మిది.”

ఇద్దరూ చెరొక వరస మొదలుపెట్టారు. పదో కంప్యూటర్ దగ్గర మోచేతులు తగిలాయి. పదకొండో దాని దగ్గర తగలకపోయినా ఇద్దరూ ఆగారు.

శుక్రవారం ఇరవై చుక్కలూ వెలిగాయి. గంగాధరరావు ఫారాల మాట మళ్లీ ఎత్తలేదు. నాగేందర్ మాత్రం తన రివ్యూలో ఒక్క చుక్కే పెంచాడు.

“ఒక్కటేనా!” అని ఫోన్‌లో మండిపడింది మనస్విని.

“అన్నీ ఒకేసారి ఇస్తే మీరు మళ్లొస్తరా?”

వచ్చింది. ఆ వారం ఒక కంప్లయింట్, పై వారం ఇంకొకటి. మూడోసారికి కంప్లయింటే లేదు, అయినా వచ్చింది. ఐదో చుక్క పడేసరికి వానాకాలం వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక, నాగేందర్ ఇరవయ్యో కంప్యూటర్ తుడిచిందే తుడుస్తూ అన్నాడు.

“మేడం, నాకొక తోడు గావాలె. ఎక్స్‌టెన్షన్ కాదు.”

మనస్విని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం దించలేదు.

“ముందే చెబుతున్నాను. మీ ఇంటిపేరు గడ్డం. పెళ్లయ్యాక నన్ను గడ్డం మనస్విని అని పిలిస్తే ఊరుకోను! నా పేరు కొచ్చెర్లకోట మనస్విని. మార్చను.”

“మార్చుమని నేనెప్పుడన్న?” అన్నాడతను నొచ్చుకుని. “ఒక్క ఫోల్డర్ పేరు మార్చుమంటెనే మీ మీదికి లేసినోన్ని. మనిషి పేరు మార్చుమంటనా?”

ఆ కోపం నిజమైనది. మనస్వినికి అంతకంటే తీపిమాట ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

“అయితే సరే,” అంది. అని, పసుపు గుడ్డ లాక్కుని కళ్లు తుడుచుకుంది, మానిటర్ దుమ్ముతో సహా.

గుమ్మంలో కిష్టమ్మ ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు.

“రెండు ఇంటిపేర్లూ ఎయ్యుండ్రి పెండ్లి కార్డు మీద,” అంది. “మా మొగోళ్లకు గడ్డం ఒక్క ఇంటిపేర్లనే ఉన్నది, అది నువ్వేం జేసుకుంటవు తీ! గని బిడ్డా, పైన మాత్రం శ్రీ రాయాలె.”

“రాస్తాను అత్తయ్యా,” అంది మనస్విని. “ఇప్పుడు నాకు అది చదవడం వచ్చు.”