సుఖ వేదన

కోదాడలో ఇంటర్ పిల్లలకు సంస్కృతం చెప్పే జగదీశ్‌కు దిద్దడం ఓ జబ్బు. పెళ్లిపత్రిక చేతికిచ్చినా జేబులోంచి ఎర్ర పెన్ను తీస్తాడు. ఆ జబ్బే ఓసారి అతని కొంప ముంచినంత పని చేసింది.

సూర్యాపేట దగ్గరి బౌద్ధ స్తూపం చూడటానికి ఆదివారం వంద మంది టీచర్లు వస్తున్నారు. వాళ్లకు పంచే కరపత్రం సౌమ్య రాసింది. మిర్యాలగూడ అమ్మాయి, బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఎం.ఏ., గైడుగా ఆమెకు అదే మొదటి రోజు. ప్రూఫు చూసిపెట్టమని అడిగితే జగదీశ్ మురిసిపోయాడు. సూర్యాపేట లైబ్రరీలో పరిచయమైన మూడు నెలల నుంచీ ఆమెకు ఫోన్ చేయడానికి సాకు వెతుకుతున్నవాడాయె.

అందులో ‘బుద్ధుడు చెప్పిన మూడు వేదనలు’ అని రాసి, మొదటిది సుఖ వేదన అంది సౌమ్య. వేదనంటే బాధ కదా, అందులో సుఖమేమిటి? పాపం, తొందరలో రాసుంటుందని సుఖ వేదన ఉన్న వరుసొక్కటి కొట్టేసి ప్రెస్‌కు పంపేశాడు.

ఆదివారం పొద్దున స్తూపం దగ్గర కట్ట విప్పి చూసిన సౌమ్య, ఆ వరుస ఉండాల్సిన చోట వేలు పెట్టి జగదీశ్‌కు చూపించింది. అరిచినా బాగుండుననిపించింది అతనికి.

“సంస్కృతంల వేదనంటే తెలుసుకునుడు గూడ, నొప్పి గూడ. మీకు నొప్పొక్కటే యాదికొచ్చింది సార్. పాళీల సుఖం తాకినా వేదననే, దుఃఖం తాకినా వేదననే, రెండూ గాకున్నా వేదననే. నన్నొక్క మాట అడిగితే ఏమైతుండె?”

నిజమే, అడగొచ్చు. సాకుల కోసం అంత వెతికినవాడికి చేతిలో ఉన్న సాకు కనపడనే లేదు. జగదీశ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

అంతలో బస్సులు రానే వచ్చాయి. వెంకటనర్సయ్య అనే పెద్ద మాస్టారు కాగితం చదివి, అందరికీ వినపడేలా అడిగాడు.

“మూడని రాసి రెండే చెప్పినవేందమ్మా? సదివే వచ్చినవా?”

సౌమ్య ముఖం వాడిపోయింది. వెనక నిలబడ్డ జగదీశ్ ముందుకొచ్చాడు.

“తప్పు ఆవిడది కాదండి, నాది. సంస్కృతం వచ్చు కదా అని నేనే కొట్టేశా. ఆవిడ చెప్తారు, నేనూ వింటా.”

చెప్పి, టీచర్ల ముందే నేల మీద చతికిలబడ్డాడు. సౌమ్య గంటసేపు చెప్పింది. మాస్టారు మూడుసార్లు తల ఊపి, చివర్లో తనే చప్పట్లు మొదలుపెట్టాడు.

బస్సులు వెళ్లిపోయాక ఆమె ఇంటికి ఫోన్ మాట్లాడి వచ్చింది.

“వచ్చే ఆదివారం మిర్యాలగూడ రారి. అమ్మ మిమ్మల్ని సూస్తనంటున్నది.”

“ఏం చెప్పారు నా గురించి?”

“తప్పు చేస్తే పదిమందిల ఒప్పుకుంటడని చెప్పిన. గంతే.”

ఈసారి జగదీశ్ తనంతట తనే ఏదీ ఊహించుకోకుండా నేరుగా అడిగేశాడు.

“సౌమ్య గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?”

“అమ్మ సూసినంక చెప్త,” అంది గానీ, నవ్వు మాత్రం ఆదివారం దాకా ఆగలేదు.