నాచు పట్టని బోటు

"ఈసారి నువ్వు చంపాల్సిందీ చావాల్సిందీ ఏమీ లేదు టాపియో. బోట్లు కడగాలి, అంతే."

సిర్కా ఆ మాట అని కాఫీ కప్పు ముందుకు జరిపింది. హెల్సింకీలో పేరు బోర్డు లేని ఆ ఆఫీసుకు ఆమె చీఫ్. ఆమె నవ్విందంటే ఎవరికో ఉద్యోగం ఊడినట్టే లెక్క. ఇప్పుడు నవ్వలేదు.

ఏజెంట్ టాపియో హల్లమాకు చిన్నప్పటి నుంచీ సముద్రం పడదు. ఒడ్డుకు కట్టేసి ఉన్న బోటును చూసినా కడుపులో తిప్పుతుంది. ఇంటింటికీ బోటున్న దేశంలో పుట్టి ఇదేం ఖర్మరా అని తోటి ఏజెంట్లు ఏడిపిస్తూ ఉంటారు.

"వివరంగా చెప్పండి మేడమ్."

"కోట్కా దగ్గర ఒక బోట్ క్లబ్బు. అక్కడి మోటారు బోటు ఒకటి వేసవంతా మన నౌకాదళం దారిలో షికార్లు కొట్టింది. దాని అడుగున ఇనప డబ్బా అతికించారు. మన ఓడల ఇంజన్ చప్పుళ్లన్నీ అందులో రికార్డయ్యాయి. అవి శత్రువుల చేతికి చిక్కితే ఎంత పొగమంచులోనైనా ఏది ఏ ఓడో వాళ్ల టార్పెడోలు పోల్చుకుంటాయి."

"డబ్బా సిగ్నల్ పంపదా?"

"పంపితే ఎప్పుడో పట్టేసేవాళ్లం. మనిషి మోసుకుపోవాల్సిందే. రేపు క్లబ్బులో బోట్లన్నీ నీళ్లలోంచి పైకి తీస్తున్నారు. షెడ్లో పెట్టి టార్పాలిన్ కప్పేశాక చలికాలమంతా వాళ్లదే రాజ్యం." సిర్కా ఫైలు మూసింది. "ఐలి ఓడ కూడా ఆ దారినే తిరిగింది."

ఐలి టాపియో కూతురు. సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ మీద ఆఫీసరు. టాపియో కాఫీ కప్పు పక్కకు పెట్టేశాడు.

"ఏ బోటో తెలుసా?"

"రాగ్ని చెబుతుంది. వాళ్ల ముఠాలో దూరిన మన మనిషి. 'మీ ఇంజన్‌కు ఏ రంగు ద్రవం పోశారు' అని అడుగుతుంది. 'గులాబీ, నా మనసులాగే' అనాలి నువ్వు."

"ఇది ఎవరు రాశారు మేడమ్?"

"నేనే. ఏం?"

"బాగుంది మేడమ్."

టెక్నికల్ విభాగం వాళ్లు అతనికి పొడుగు పిడి బ్రష్ ఒకటి ఇచ్చారు. ఇనప డబ్బా దగ్గరికి వెళ్తే పిడి గుయ్‌మంటుంది. ఎవరికీ అనుమానం రాదని హామీ కూడా ఇచ్చారు.

*

శనివారం ఉదయం గాలి చెవులు కొరికేస్తోంది. టాపియో రబ్బరు సూటు, ఉన్ని టోపీ, అంటించిన గడ్డం వేసుకుని రేవు మీద నిలబడ్డాడు. సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకున్నవాడినని చెప్పుకున్నాడు. అలాంటివాళ్లు శ్రమదానానికి రావడం ఆనవాయితీ కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

పెత్తనమంతా ఒర్వొక్కిది. చేపల దుకాణం నడిపి నడిపి గొంతు పెంచుకున్న మనిషి. క్రేన్ డ్రైవర్ కూడా ఆమె చెయ్యి చూపించిన వైపే తిరుగుతాడు.

"అందరికీ ఒకటే మాట," అంది ఆమె. "ఆఖరి బోటు పైకొచ్చి, రేవు ఊడ్చి, సూప్ తాగేదాకా ఎవరూ కదలడానికి లేదు. వానొచ్చినా సరే, అత్తగారు పోయినా సరే."

"మా అత్తగారు పోయినేడే పోయిందిలే ఒర్వొక్కక్కా," అన్నాడు వెనకనుంచి ఎవరో.

"అయితే నీకు సాకే లేదు. పట్టు బ్రష్షు."

పని మొదలైంది. బోటు కింద రెండు వెడల్పాటి బెల్టులు సరిగ్గా గుర్తుల దగ్గర పడాలి. పక్కకి జరిగితే బోటు ముక్కు కిందకు వాలుతుంది. పైకి లేవగానే అడుగు బిరడా పీకి లోపలి నీళ్లు వదిలేయాలి. బోటు ఇంకా గాల్లో కారుతూ వేలాడుతుండగానే అందరూ బ్రష్షులతో దాడి చేయాలి. నాచూ నత్తగుల్లలూ ఆరితే రాయైపోతాయి. ఎవరి బోటని చూడరు, అందరూ కడుగుతారు. ఆ తర్వాత ఇంజన్‌లోకి గులాబీ రంగు ద్రవం పంపుతారు. వెనక గొట్టంలోంచి అదే రంగు బయటికొస్తే ఆ ఇంజన్ చలికి పగలదు.

టాపియోకు ఒక చోట కాలు నిలవలేదు. ఒక్కో బోటు పైకి లేచినప్పుడల్లా, ఇదేనేమో అని పరుగెత్తాడు. బ్రష్ ఒక్క బోటు దగ్గరా పలకలేదు. సూప్ గిన్నె పక్కనుంచి వెళ్తుంటే మాత్రం గుయ్‌మని మోగింది.

ఒర్వొక్కి గరిటె ఆపి చూసింది. "ఏమయ్యా పెళ్లికొడుకా, నీ బ్రష్షుకు కూడా ఆకలేస్తోందా?"

"కొత్త మోడల్ అక్కా."

"కొత్త మోడల్‌కు కొత్త జబ్బు. పని చూసుకో."

అప్పుడే ఎర్ర కోటు, ఎత్తు మడమల బూట్లతో రాగ్ని వచ్చింది. రేవులో ఉన్న మగవాళ్లందరి బ్రష్షులూ ఒక్కసారి నెమ్మదించాయి. ఆమె నేరుగా టాపియో పక్కకొచ్చి నిలబడింది.

"మీ ఇంజన్‌కు ఏ రంగు ద్రవం పోశారు?"

"గులాబీ. నా మనసులాగే," అన్నాడు టాపియో, సిగ్గుతో చచ్చిపోతూ.

"అదిగో, ఆ నీలం బోటు. రిటైరైన పాస్టర్‌ది. దాని మీదే కన్నుంచు. ఇంకేదీ చూడొద్దు."

నీలం బోటు పైకొచ్చింది. టాపియో దాన్ని చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు మూలమూలనా కడిగాడు. గడ్డాలంత నాచు రాలింది, బ్రష్ మాత్రం మూగబోయింది. పాస్టర్ మురిసిపోయి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి బాబూ అని దీవించాడు. సముద్రంలో ఎక్కడో ఐలి ఉంది. ఇక్కడ తను పాస్టర్ బోటు కడుగుతున్నాడు.

ఆఖరిది కాలెర్వోది. వసంతంలోనే క్లబ్బులో చేరిన ఇతగాడికి ఏ పనిలోనూ వంక పెట్టడానికి లేదు. ట్యాంకు నిండా నింపాడు, ఆయిల్ మార్చాడు, పరుపులు ఇంటికి చేర్చాడు. బోటు గాల్లోకి లేచింది. బ్రష్షులెత్తిన జనం ఎత్తినట్టే ఆగిపోయారు.

దాని అడుగు అద్దంలా మెరుస్తోంది. ఒక్క నాచు పోగు లేదు, ఒక్క గుల్ల లేదు.

"ఏం రంగు వేశావు కాలెర్వో? మాకూ చెప్పవయ్యా, దాచుకుంటావేం," అన్నాడు పాస్టర్ అసూయగా.

"మామూలు రంగే," అన్నాడు కాలెర్వో. పెదవి తడుపుకున్నాడు.

టాపియోకు వెలిగింది. వేసవంతా నీళ్లలో ఉన్న బోటుకు నాచు పట్టకపోవడమేమిటి? ఎవడో డైవర్ నిన్నో మొన్నో కిందకు దిగాడు. డబ్బా ఊడదీశాడు. అది అతికించిన చోట ముద్ర కనిపించకూడదని అడుగంతా గీకేశాడు. పాపం, పని మరీ శుభ్రంగా చేశాడు.

మరి డబ్బా ఏది?

చలికాలానికి అందరూ బోటు బ్యాటరీలు ఇంటికి తీసుకుపోతారు. పొద్దుటి నుంచీ అవి ఒకటొకటిగా కార్లలోకి చేరుతూనే ఉన్నాయి. మోసేవాళ్లు ఉస్సురంటూ, నడుము పట్టుకుంటూ మోస్తున్నారు. రాగ్ని ఒక్కతే కాలెర్వో బ్యాటరీని కూరల సంచిలా ఒంటి చేత్తో ఊపుకుంటూ కారు వైపు నడుస్తోంది. మడమల మీద. నిజం బ్యాటరీ అయితే అలా ఊగదు; అది ఒట్టి డొల్ల, డబ్బా దాని లోపలే ఉంది.

మన మనిషట. టాపియోకు ఒళ్లు మండింది.

పరుగెత్తబోయాడు. రబ్బరు సూటు కాళ్లకు అడ్డం పడి బోర్లా పడ్డాడు. గడ్డం సగం ఊడింది. కారు స్టార్టయింది. గేటు తెరిచే ఉంది. తుపాకీ రబ్బరు సూటు లోపల, నాలుగు గుండీల కింద ఎక్కడో ఉంది.

"ఒర్వొక్కక్కా," అన్నాడు, ఊపిరి అందక. "ఆ ఎర్ర కోటు రేవు ఊడ్వకుండా పోతోంది."

ఒర్వొక్కి తల తిప్పింది. కారు కదులుతోంది. ఆమె ముఖం కందగడ్డయింది. క్రేన్ వైపు చూసి అరచెయ్యి గేటు కేసి తిప్పి, కిందకు దించింది.

కాలెర్వో బోటు గాల్లో తిరిగి, నీళ్లు కారుస్తూ వచ్చి, గేటుకు అడ్డంగా వాలింది. రాగ్ని బ్రేక్ మీద నిలబడింది. కారు ముక్కుకూ ఆ మెరిసే అడుగుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది.

టాపియో లేచి వచ్చేసరికి ఒర్వొక్కి కారు తలుపు తెరిచి చీపురు చేతికిస్తోంది. "ఎక్కడికమ్మాయ్? సూప్ తాగకుండా పోతే మాకు మర్యాద కాదు."

టాపియో వెనక సీట్లోని బ్యాటరీని బయటికి లాగి దానికి బ్రష్ ఆనించాడు. అది గుయ్‌మని ఏడ్చినంత పని చేసింది. అవతల కాలెర్వో జారుకోబోతే, రంగు పేరు చెప్పి పొమ్మని పాస్టర్ అప్పటికే చొక్కా పట్టుకున్నాడు.

"నీకు బోట్లంటే భయమని ఫైల్లో చదివాను," అంది రాగ్ని, చీపురు పట్టుకునే.

"భయమే. అందుకే పైకి తీసేదాకా ఆగాను."

*

సోమవారం లేబొరేటరీలో డబ్బా తెరిచారు. సిర్కా టాపియో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, "ఇదే ఐలి ఓడ," అంది. లయ తప్పకుండా ఇంజన్ తిరుగుతోంది. ఒక్క కుదుపు లేదు, ఒక్క తడబాటు లేదు. పిల్ల తన ఓడను బాగా చూసుకుంటోంది. టాపియో కళ్లు చెమర్చాయి. టేపు అయిపోయేదాకా విని, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.

"ఎంతసేపు వింటావయ్యా?" అంది సిర్కా.

"విననివ్వండి మేడమ్. జూన్ నుంచి ఆ పిల్ల ఒక్క ఫోన్ చేయలేదు. శత్రువుల పుణ్యమా అని కబురు తెలిసింది."