గుండు ఆగిన చోటు

పాత లిఫ్టు తీసేశాక మిగిలిన నిలువు గొయ్యిని కాలేజీలో ఫిజిక్స్ వాళ్లు ప్రయోగాలకు వాడుకునేవారు. పై అంతస్తు నుంచి ఇనుప గుండు వదిలితే, గోడ పొడుగునా బిగించిన సెన్సర్లు అది ఏ క్షణాన ఎక్కడుందో చెప్పేవి. అడుగున ఇసుక తొట్టి.

ఆ సెలవురోజు మధ్యాహ్నం పరిశోధకురాలు చెల్లెల్ని బతిమాలి వెంట తెచ్చుకుంది. ఆ వారం ఫలితాలు ఇవ్వకపోతే ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చెల్లెలు పైన, తను అడుగున. మధ్యలో ఫోను.

"వదలనా అక్కా?"

"ఊఁ, వదులు."

గుండు ఇసుకలో దిగబడింది. సెన్సర్ల అంకెలు చూపే కంప్యూటర్ తెర చూసి ఆమె మొహం చిట్లించింది. దారిలో ఒకచోట గుండు కాస్త ఆలస్యమైంది. సెన్సర్ మార్చింది. మళ్లీ అదే.

"నా చెయ్యి వణికిందేమో అక్కా."

"చేతి పొరపాటైతే ఒకసారి ముందు, ఒకసారి వెనక రావాలి. ఇది ఎప్పుడూ వెనకే. ఏదో పట్టి వదులుతున్నట్టుంది."

టార్చి వేసి పైకి చూసింది. ఖాళీ. తడి సున్నం వాసన మాత్రం, ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు, వెచ్చగా మొహానికి తగిలింది.

ఆ చోటేదో తేల్చుకుందామని సెన్సర్లు దగ్గర దగ్గరగా బిగించింది. అప్పుడు తెలిసింది... అది కదులుతోంది. వదిలిన ప్రతిసారీ ఇంకాస్త కిందికి. ఇప్పుడు ఆమె తలకు జానెడు ఎత్తున.

"చాల్లే అక్కా. వచ్చెయ్."

"ఒక్కసారి... ఇదే ఆఖరు."

గుండు పడింది. ఎక్కడా ఆలస్యం లేదు. అంకెలన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

"వచ్చేసిందే!" ఆమె కేక వేసింది.

"అక్కా... వింటున్నావా? పలకవేం?"

"పలికానుగా!"

నిశ్శబ్దం. ఆ తర్వాత చెల్లెలి గుసగుస. "ఇప్పుడు వినపడింది. ఎందుకంత ఆలస్యం?"

ఆమె అన్నీ అక్కడే వదిలేసి మెట్లవైపు పరుగెత్తింది. రొప్పుతూ పైకి చేరి, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చెల్లెలు తల తిప్పలేదు. ఖాళీ మెట్లవైపే చూస్తూ, "త్వరగా రా అక్కా," అంది.

కింద అడుగుల చప్పుడు ఆమెకు వినపడింది. తనవే. ఇంకా ఎక్కుతున్నాయి...

మలుపు దగ్గర అవి కాసేపు ఆగాయి.

ఆమె ఎక్కినప్పుడు మెట్ల మీద ఎక్కడా ఆగలేదు.