తెగిన బ్రేక్ లైన్

ఆదివారం ఉదయం 8.12.

కంకిపాడు దాటాక, కాలవ అవతల ఉన్న ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్ పక్కన, దాళ్వా వరి నాట్లు వేసి వారమైనా కాని మడిలో ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. హెల్మెట్ చీలింది. కుడికాలు ఉండవలసిన దిక్కున లేదు. వెనక ఎరుపు, పసుపు రంగుల చిన్న పారాచూట్ బురదనీళ్ళలో నానుతోంది.

పేరు హర్షవర్ధన్. వయసు ముప్పై రెండు. గవర్నర్‌పేటలో వాళ్ళ నాన్నకి ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు. ఊపిరి ఉంది. ఉందంటే ఉంది, అంతే.

అంబులెన్స్ విజయవాడ వెళ్ళిపోయింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామతులసి గట్టు మీద నిలబడి ఆవులింత ఆపుకుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. విమానంలోంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకునే సరదా ఏమిటో ఆమెకు బొత్తిగా అర్థం కాలేదు.

"పారాచూట్ సీజ్ చేద్దామా మేడం?" కానిస్టేబుల్ లక్ష్మీకాంత్ అడిగాడు.

"చూడవయ్యా దాని అవతారం! జీపంతా బురద చేస్తావా? షెడ్డులో ఆరేయించు. రేపు తీసుకెళ్దాం."

ఆ ఒక్క మాట తర్వాత ఆమెను ఎంత కాల్చుకు తిన్నదో చెప్పడమే ఈ కథ.

సోమవారం ఉదయం 11.20.

క్లబ్ షెడ్డు. కోచ్ చక్రి పారాచూట్‌ని బల్ల మీద పరిచాడు. నలభై ఏళ్ళవాడు. పదేళ్ళు దుబాయ్‌లో దూకి వచ్చాడు. బురద ఎండి గుడ్డంతా బూడిదరంగులో అట్టకట్టింది.

"ఇది చూడండి మేడం."

ఎడమ వైపు బ్రేక్ లైన్. అగ్గిపుల్లంత లావు తాడు. మధ్యలో తెగి ఉంది.

"ఇది తెగితే ఏమవుతుంది?"

"ఇది మామూలు పారాచూట్ కాదండీ. హై పెర్ఫార్మెన్స్. చాలా చిన్నది. ముందు పట్టీలు లాగి మలుపు తిప్పితే గద్దలా కిందికి దూకుద్ది. ఆ స్పీడుతో నేలకి జానెడు ఎత్తున జారుకుంటూ వెళ్ళి దిగాలి. ఆ టైములో బ్రేక్ తెగిందంటే ఇంకేముందండీ, నేలకేసి కొట్టేసుద్ది."

"దానంతట అదే తెగిందా?"

"దానంతట అదే తెగితే కొస పీచుపీచుగా ఉంటుందండీ. ఇది చూడండి. కత్తితో కోసినట్టు లేదూ?"

రామతులసి వంగి చూసింది. సాఫుగా ఉంది. ఆవులింతలన్నీ ఎగిరిపోయాయి.

"ఈ లైన్ ఆఖరున ముట్టుకున్నది ఎవరు?"

చక్రి నీళ్ళు నమిలాడు. "మా రిగ్గర్ అండీ. దుర్గాశంకర్. పారాచూట్లు మడతపెట్టడం, కుట్టడం అంతా అతనే. శుక్రవారం బ్రేక్ లైన్లు మార్చాడు."

"గొడవలేమైనా?"

"అదే రోజు హర్షతో పడ్డాడండీ. 'ఈ సైజు మీకు ఇప్పుడే వద్దు సార్. పెద్దదాని మీద ఇంకో రెండొందల జంపులు చేసి రండి' అన్నాడు. 'చీరలు నేసుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది' అని హర్ష అందరి ముందూ నోరు పారేసుకున్నాడు."

ఇంకేం కావాలి? అవకాశం ఉంది. కక్ష ఉంది. కత్తి ఎలాగూ రిగ్గర్ జేబులోనే ఉంటుంది.

మధ్యాహ్నం 2.10కి జీపు పెడనలో ఆగింది.

వీధి వీధంతా మగ్గాల చప్పుడు. దుర్గాశంకర్ అన్నం ముందు కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళ సన్నటి మనిషి. చెయ్యి కడుక్కోనివ్వలేదు. లక్ష్మీకాంత్ కాలర్ పట్టుకుని వీధిలో నడిపించాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. తండ్రి అంకమ్మరావు వెనకాలే పరిగెత్తాడు.

"మావాడేం చేశాడమ్మా? చెప్పండమ్మా!"

"పక్కకు జరగవయ్యా. స్టేషన్‌కొస్తే తెలుస్తుంది."

సాయంత్రం నాలుగున్నరకి ప్రశ్నలు మొదలయ్యాయి.

"లైన్ కోశావా?"

"లేదు మేడం."

"మరి ఎట్లా తెగింది?"

"తెలీదు మేడం. కుట్టాక మూడుసార్లు చెక్ చేశా."

"తిట్టాడని కోపం లేదూ?"

"బాధపడ్డా మేడం. అంతమాత్రాన మనిషి ప్రాణం తీస్తానా?"

"నువ్వు కాకపోతే దేవుడొచ్చి కోశాడా?"

"ఏమో మేడం."

రామతులసి చెయ్యి లేచింది. ఆ చప్పుడుకి బయట స్టేషన్ రైటర్ కూడా తలెత్తాడు. శంకర్ చెంప పట్టుకోలేదు. తన చేతులకేసి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. ఆరింటికి స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాడు. 'లైన్ మార్చేటప్పుడు పొరపాటున కత్తి తగిలి ఉండవచ్చు.'

మంగళవారం ఉదయం 9.40.

పన్నెండింటికి కోర్టులో హాజరు పరచాలి. రిమాండ్ అయితే ఆ కుర్రాడి చేతికి ఇక ఎవడూ పారాచూట్ ఇవ్వడు. దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది చేసే పని అది. ఇక్కడ పేరు పోతే ఇంకెక్కడా దొరకదు.

అంకమ్మరావు మొదటి బస్సుకే వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చున్నాడు. రామతులసి లోపలికి వెళ్తుంటే లేచాడు.

"అమ్మా, ఒక్కటే అడుగుతా. ఆ తెగిన తాడు ఒకసారి చూపిస్తారా?"

"చూసి ఏం చేస్తావు?"

"యాభై ఏళ్ళుగా దారంతోనే బతుకుతున్నానమ్మా. మావాడు కోశాడో లేదో నా కళ్ళతో చూసుకుని పోతా. కోసుంటే వాడి మొహం కూడా చూడను."

ఎందుకో కాదనలేకపోయింది. బల్ల మీద పెట్టించింది. ముట్టుకోనివ్వలేదు. ముసలాయన కళ్ళజోడు పైకి తోసుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు.

"ఈ పారాచూట్ బురదలో ఎంతసేపుందమ్మా?"

"మూడు గంటలు. అయితే?"

"తాడంతా మట్టిరంగే. నరనరానికీ ఎక్కింది. మరి కొసలు చూడండి. మల్లెపువ్వుల్లా ఉన్నాయి."

"అయితే?"

"రంగు తొట్టిలో నూలు చిలప ముంచితే ముందు తాగేది తెగిన కొసేనమ్మా. నూలైనా, పట్టైనా, మీ ప్లాస్టిక్ దారమైనా అంతే. పైన ఆకాశంలో తెగినా, అంతకుముందు శుక్రవారం తెగినా, ఈ కొస మూడు గంటలు బురదనీళ్ళు తాగి నల్లబడి ఉండాలి. ఇది బురద ఆరిపోయాక కోసింది."

రామతులసి భూతద్దం తెప్పించింది. చూసింది. మళ్ళీ చూసింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దున వరకు పారాచూట్ షెడ్డులో ఆరుతోంది. శంకర్ శనివారమే పెడన వెళ్ళిపోయాడు. షెడ్డు తాళంచెవి ఒక్క చక్రి దగ్గరే ఉంది. ఆ పారాచూట్‌ని వాడి చేతికి వదిలేసి వచ్చింది ఎవరు? జీపు మురికవుతుందని భయపడ్డ మహాతల్లి.

10.30కి షెడ్డు వెతికించింది. హర్ష లాగ్‌బుక్, ఎత్తు నమోదు చేసే అతని ఆల్టీమీటర్ తెప్పించుకుంది. లాకర్లో ఒక డజను గాజులు దొరికాయి. ఆకుపచ్చ మట్టిగాజులు. మగవాడి మణికట్టుకు పట్టేంత పెద్దవి. ఆడవాళ్ళు ఒక్కరూ లేని క్లబ్ అది.

11.40. విజయవాడలో ఒక ఆస్పత్రి గది.

హర్షవర్ధన్‌కి పొద్దున్నే తెలివి వచ్చింది. రెండు కాళ్ళకూ కట్లు. మంచం పక్కన చక్రి. తలుపు దగ్గర అంకమ్మరావు, శంకర్. శంకర్ చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా పోలేదు. రామతులసి అటు చూడకుండా ఉండాలని చూసింది. చూపు అటే పోయింది.

"చక్రి గారూ, ఈ పారాచూట్ దించడం ఎట్లా నేర్పిస్తారు?"

"మెట్టు మెట్టుగా అండీ. మొదట తిన్నగా దిగడం. తర్వాత తొంభై డిగ్రీల మలుపు. తర్వాత నూట ఎనభై. చివర్న రెండొందల డెబ్భై. ఒక్కో మెట్టుకీ బోల్డన్ని జంపులు."

"మలుపు ఆలస్యమై, నేల దగ్గరికొచ్చేస్తే?"

"వదిలెయ్యాలి. ముందు పట్టీలు వదిలేసి, బ్రేకులు పట్టి తిన్నగా దిగిపోవాలి. అన్నిటికంటే ముందు నేర్పేది అదే."

"వదిలేసినవాణ్ణి మీ క్లబ్బులో ఏం చేస్తారు?"

ఆమె గాజులు తీసి మంచం మీద పెట్టింది. పక్కన హర్ష ఫోన్. వాట్సాప్ గ్రూపులో ఫొటో. ప్రమాదానికి ముందు ఆదివారంది. హర్ష రెండు చేతులకీ గాజులు. చుట్టూ ఎనిమిది మంది పగలబడి నవ్వుతున్నారు. కింద చక్రి రాసిన మాట: 'ఈ వారం పెళ్ళికూతురు.'

"సరదాకండీ..."

"సరదానా? ప్రాణం కాపాడుకున్నవాడికి గాజులు తొడుగుతారా? నేనూ గాజులు వేసుకునే ఉద్యోగం చేస్తున్నానండీ. వీటికేం తక్కువ?"

చక్రి తల దించుకున్నాడు.

"ఆల్టీమీటర్ లాగ్ చూశాను. రెండొందల డెబ్భై మలుపు ఆరొందల యాభై అడుగుల్లో మొదలుపెట్టాలి. హర్ష ఐదొందల పది దగ్గర మొదలుపెట్టాడు. వదిలెయ్యొచ్చు. వదల్లేదు. అసలు అతనికి తొంభై డిగ్రీలే సరిగ్గా రాలేదు. అన్నీ వచ్చాయని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టింది మీరు. ఇదంతా బయటపడితే మీ పని అయిపోతుంది. అందుకే ఆదివారం మధ్యాహ్నం తర్వాత, తాడు ఆరాక, మీ కత్తితో కోశారు. ఆరాక కోశారు కాబట్టే కొసలు తెల్లగా ఉన్నాయి. అవునా కాదా?"



"అవునండీ," అన్నాడు చక్రి. "శంకర్ పేరు చెప్పాలనుకోలేదు. మీరు అడిగారు. నోట్లోంచి వచ్చేసింది."

హర్ష ఏడుస్తున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

"నాకు తెలుసు మేడం. మలుపు సగంలోనే తెలిసిపోయింది కిందికొచ్చేశానని. వదిలేద్దామనుకున్నా. నాన్న, షాపువాళ్ళు అందరూ చూడ్డానికొచ్చారు. వాళ్ళ ముందు మళ్ళీ ఆ గాజులు... సిగ్గేసింది మేడం."

"శంకర్‌ని అరెస్టు చేశామని పొద్దున మావాళ్ళు చెప్పారుగా. అప్పుడైనా నోరు విప్పలేదేం?"

"అదీ సిగ్గే."

అతను గోడవైపు మొహం తిప్పుకున్నాడు. సాక్ష్యం తారుమారు చేసినందుకు, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు లక్ష్మీకాంత్ చక్రిని తీసుకెళ్ళాడు. శంకర్‌ని అక్కడే వదిలేశారు. తండ్రీకొడుకులు ఎవరితోనూ మాట్లాడకుండా లిఫ్ట్ దిగి వెళ్ళిపోయారు.

డీఎస్పీ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇరవై నాలుగ్గంటల్లో కేసు తేల్చారన్నాడు. రామతులసికి తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం ఉదయం పదకొండుకి ఆమె యూనిఫాంలోనే పెడన వెళ్ళింది. జీపు వీధి మొదట్లోనే ఆపించి, శంకర్‌ని నడిపించిన దారిలోనే నడిచింది. మగ్గాలు మళ్ళీ ఆగాయి. గుమ్మాల్లోకి జనం వచ్చారు. అంకమ్మరావు ఇంటి ముందు నిలబడి, అందరికీ వినబడేలా చెప్పింది.

"శంకర్ ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది. సీజ్ చెయ్యవలసింది చెయ్యకుండా వదిలేశాను. ఎవడో చెప్పింది నమ్మాను. చెయ్యి చేసుకున్నాను. అంకమ్మరావు గారూ, సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్షమించండి."

"నాకెందుకమ్మా," అన్నాడు ముసలాయన మెల్లగా. "వాడికి చెప్పండి."

శంకర్ గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం పెరిగింది.

"కొట్టినందుకు కోపం లేదు మేడం. అది రెండు రోజుల్లో పోయింది."

"మరి?"

"ఆ కాగితం మీద సంతకం పెట్టానే, అప్పుడు మీకు భయపడి పెట్టలేదు మేడం. మీరు అన్నిసార్లు అడిగేసరికి నిజంగానే నా చెయ్యి జారిందేమో అనుకున్నా. నా కుట్టు మీద నాకే నమ్మకం పోయింది. క్లబ్ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. మూడు రోజులుగా సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇంకొకడి ప్రాణం ఈ చేతుల్లో ఎట్లా పెట్టుకోను?"

అతను రామతులసి కళ్ళలోకి చూశాడు.

"ఆ అనుమానం తీసేయడానికి మీ దగ్గర సెక్షన్ ఏదైనా ఉందా మేడం?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు.